శ్రోత్రం, శబ్దం, మనస్సు: మంజీరా తీరం నుండి ఒక శ్రవణవిచారం

కామారెడ్డికి చేరువలోని దోమకొండ కోటలో కాకతీయ శైలికి చెందిన మహాదేవాలయం ఉన్నది. ఏ శివాలయంలోనైనా భక్తుడు నందీశ్వరునికి నమస్కరించి ఘంటను ఒక్కసారి మోగిస్తాడు. లోహానికి తగిలిన దెబ్బ క్షణకాలం మాత్రమే. నాదమో, మండపస్తంభాలను చుట్టి, క్రమక్రమంగా సన్నగిల్లి, చివరకు నిశ్శబ్దంలో లీనమవుతుంది. అది ఏ క్షణంలో అంతరించిందో పక్కపక్కన నిలిచిన ఇద్దరు భక్తులు ఒకే విధంగా చెప్పలేరు. ఒకనికి ముగిసిన నాదం మరొకనికి ఇంకా వినబడుతూనే ఉంటుంది. అట్లయితే ఆ నాదం ఎక్కడ ఉన్నది? ఘంటలోనా, గాలిలోనా, చెవిలోనా, వినేవాని మనస్సులోనా?

ఈ ప్రశ్నను పరిశీలించే శాస్త్రాన్ని పాశ్చాత్యులు సైకోఅకౌస్టిక్స్ అంటారు. తెలుగులో శ్రవణమనోవిజ్ఞానం అనవచ్చు. బాహ్యధ్వనికీ, అంతరంగంలో కలిగే శ్రవణానుభవానికీ గల సంబంధమే దాని విషయం. ఆ పేరు నూతనమే గాని ప్రశ్న సనాతనం. శబ్దాన్నే ప్రమాణంగా, మంత్రంగా, బ్రహ్మస్వరూపంగా ఉపాసించిన ఈ దేశంలో 'వినడం అంటే ఏమిటి' అన్నది కుతూహలానికి సంబంధించిన విషయం మాత్రమే కాలేదు. శ్రవణం ఏ విధంగా జరుగుతుందో నిర్ణయించనిదే వేదప్రామాణ్యం నిలువదు, గురూపదేశం ఫలించే మార్గమూ తెలియదు. అందువల్లనే దర్శనకారులు శతాబ్దాల తరబడి ఈ విషయంపై వాదప్రతివాదాలు సాగించారు.

ఆ చర్చలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి ఒక విశిష్టమైన భౌగోళిక స్థానం కలదు. ఈ సీమకు పశ్చిమోత్తరంగా, యాదవుల రాజధాని దేవగిరిలో 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరాన్ని రచించాడు. దక్షిణ దిశగా, రేచర్ల ప్రభువుల రాజధాని రాచకొండలో సింహభూపాలుడు ఆ గ్రంథానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య వ్రాశాడు. ఎల్లారెడ్డి సీమను స్పృశిస్తూ నిజాంసాగర్‌లో చేరే మంజీరానదికి ఎగువన, మెదకు సీమలోని కొల్చారం కోలాచల మల్లినాథసూరి వంశానికి పేరునిచ్చిన గ్రామం. కావ్యవ్యాఖ్యాతగా లోకప్రసిద్ధుడైన ఆ మహామహోపాధ్యాయుడు వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకమనే టీకను రచించిన నైయాయికుడు కూడా. కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఆయన ఉంచిన పేరు ఘంటాపథం. ఘంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గమని ఆ పదానికి అర్థం. ఆ ఘంటానాదం వెంట నడిస్తే భారతీయ శ్రవణవిచార చరిత్ర ఎంతో తెలుస్తుంది.

పాలపిట్ట కొలిచిన మాత్ర

ఈ చరిత్రకు మొదటి ఘట్టం వేదాంగమైన శిక్ష. యంత్రాలు లేని కాలంలో ఉచ్చారణకాలాన్ని కొలవడానికి శిక్షాకారులు ప్రకృతిలోని ధ్వనులనే ప్రమాణంగా స్వీకరించారు. పాణినీయశిక్ష ప్రకారం చాషపక్షి కూత ఒక మాత్ర, కాకి కూత రెండు మాత్రలు, నెమలి కేక మూడు మాత్రలు, ముంగిస ధ్వని అర్ధమాత్ర. చాషమంటే మన పాలపిట్ట. విజయదశమినాడు దర్శనం కోసం పొలిమేరకు వెళ్లి తెలంగాణ ప్రజలు వెతికే పక్షి, నేడు ఈ రాష్ట్రపక్షి, వేదాధ్యయనంలో హ్రస్వాక్షరానికి కొలమానంగా నిలిచింది. ఇక్కడ గమనింపవలసినది ఆ కొలత స్వభావం. గురుశిష్యులిద్దరికీ పరిచితమైన ధ్వనితో వినబడే ధ్వనిని పోల్చి, చెవితోనే నిర్ణయించడం దాని పద్ధతి. శ్రోతయే పరికరం, శ్రోతయే సాక్షి.

అంతకన్నా సూక్ష్మమైన విచారణ తైత్తిరీయ ప్రాతిశాఖ్యంలో కనబడుతుంది. తెలుగునాట అత్యధికంగా అధ్యయనం చేయబడే కృష్ణయజుర్వేద శాఖకు సంబంధించిన లక్షణగ్రంథమిది. ఇందులో వాక్కుకు ఏడు స్థానాలు చెప్పబడినవి: ఉపాంశువు, ధ్వానం, నిమదం, ఉపబ్దిమత్తు, మంద్రం, మధ్యమం, తారం. ఉపాంశువులో నోటి కదలిక ఉంటుంది, శబ్దం ఉండదు. ధ్వానంలో అచ్చులుగాని హల్లులుగాని వేరుగా తెలియవు. నిమదంలో అవి తెలియవస్తాయి. ఉపబ్దిమత్తులో వాక్కు స్పష్టంగా శబ్దవంతమవుతుంది. తరువాతి మూడు స్థానాలు క్రమంగా వక్షస్సు, కంఠం, శిరస్సులకు సంబంధించినవి.

ఈ విభజనలోని మెళకువను గుర్తించాలి. ధ్వానానికీ నిమదానికీ మధ్య గల భేదం పలికేవాని నోటిలో చెప్పబడలేదు. వినేవానికి అక్షరం తెలిసిందా లేదా అన్నదే అక్కడి గీటురాయి. 19వ శతాబ్దిలో జర్మనీ దేశస్థుడైన గుస్టావ్ ఫెక్నర్ 1860లో ప్రకటించిన సైకోఫిజిక్స్ గ్రంథంలో 'అనుభవసీమ' అనే భావానికి ప్రధానస్థానం ఇచ్చాడు. ఏ స్థాయి కంటే తక్కువైతే ఉద్దీపన అనుభవానికి రాదో అదే ఆ సీమ. ధ్వని ఉన్నదని తెలియడం ఒక సీమ, పలికిన అక్షరం ఇదని తెలియడం దానికి పైనున్న మరొక సీమ అని నేటి శ్రవణపరీక్షలు కూడా వేరుచేస్తాయి. ప్రాతిశాఖ్యకారునికి ఈ భేదం అధ్యాపనానుభవంలో తెలిసినదే.

వాచికజపం కంటే ఉపాంశుజపం, దానికంటే మానసజపం శ్రేష్ఠమని స్మృతులు చెప్పడం ఈ నేపథ్యంలో మరింత అర్థవంతమవుతుంది. బాహ్యశబ్దం తగ్గేకొద్దీ ఆధారం మనస్సు మీదికి మారుతుంది. చెవికి అందే సహాయం తొలగిన పిదప మంత్రాన్ని నిలిపేది ఏకాగ్రత ఒక్కటే.

ఘంట నుండి చెవి దాకా

ధ్వని ఘంట నుండి శ్రోత్రానికి ఏ విధంగా చేరుతుంది? నైయాయికుల మతంలో శబ్దం ఆకాశగుణం. కర్ణకుహరంలో పరిచ్ఛిన్నమైన ఆకాశమే శ్రోత్రేంద్రియం. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు, దేశమంతటా బాలురకు తర్కప్రవేశం కలిగించిన తర్కసంగ్రహంలోను, దానికి తానే వ్రాసిన దీపికలోను ఈ మతాన్ని సంక్షిప్తంగా బోధించాడు. భేరిని దండంతో కొట్టినప్పుడు సంయోగం వల్ల శబ్దం జనిస్తుంది. వెదురును చీల్చినప్పుడు విభాగం వల్ల జనిస్తుంది. ఆ మొదటి శబ్దం నుండి రెండవది, రెండవదాని నుండి మూడవది పుడుతూ, చివరకు శ్రోత్రదేశంలో పుట్టిన శబ్దమే వినబడుతుంది. చెరువులో రాయి వేస్తే అల అలను పుట్టించినట్లుగా అన్నది వీచీతరంగన్యాయం. కదంబపుష్పపు కేసరాలు ఒక్కసారిగా అన్ని దిక్కులకు విచ్చుకొన్నట్లుగా అన్నది కదంబముకుళన్యాయం.

మీమాంసకులు ఇందుకు భిన్నంగా ఆలోచించారు. శబరస్వామి భాష్యంలో వాయువుకే ప్రాధాన్యం. అభిఘాతంతో కదలిన వాయువు నిశ్చలంగా ఉన్న వాయువును తాకి, సంయోగవిభాగాలను కలిగిస్తూ, వేగం ఉన్నంతవరకు నలుదిక్కులకు వ్యాపిస్తుందని వారి సిద్ధాంతం. ఆ వాయవీయమైన ధ్వని నిత్యమైన శబ్దాన్ని ఉత్పత్తి చేయదు, అభివ్యక్తం చేస్తుంది. అనేకులు ఒకే పదాన్ని పలికితే పెద్దగా వినబడుతుంది కదా, శబ్దమే పెరిగింది కదా అని ఎదుటివారు ఆక్షేపించారు. పెరిగినది నాదమే, పదం ఏమాత్రం పెరుగలేదని వారి సమాధానం. ధ్వని పరిమాణాన్నీ, గ్రహింపబడే పదాన్నీ ఇంత నిశితంగా వేరు చేయడం ఈ చర్చకు గొప్ప లాభం. నూరుగురు కలిసి పలికినా, ఒక్కడు మెల్లగా పలికినా 'నారాయణ' శబ్దం ఒక్కటే.

బౌద్ధాచార్యుడైన దిఙ్నాగుడు మరొక చిక్కుముడిని ముందుంచాడు. శ్రోత్రం తనను చేరిన శబ్దాన్ని మాత్రమే గ్రహించేదైతే, శబ్దం దూరాన ఉన్నదనే అనుభవం ఎట్లా కలుగుతుంది? చర్మానికి తగిలిన వస్తువు దూరాన ఉన్నట్లు తోచదు కదా! కావున కన్ను, చెవి రెండూ విషయాన్ని స్పృశించకుండానే గ్రహిస్తాయని బౌద్ధుల పక్షం. నైయాయికులు ఇందుకు అంగీకరించలేదు.

ఈ చిక్కుకు ఒక సమాధానం చాలాకాలం తరువాత లభించింది. 1907లో ఆంగ్ల శాస్త్రవేత్త లార్డ్ రేలీ ప్రతిపాదించినదాని ప్రకారం, ఒకపక్క నుండి వచ్చే ధ్వని ఆ వైపు చెవికి కొంచెం ముందుగా, కొంచెం బిగ్గరగా చేరుతుంది. శిరస్సు అడ్డు కావడం వల్ల కలిగే ఆ కాలభేదం అత్యధికంగా సెకనులో వెయ్యవ వంతు కంటే తక్కువే. అనుకూల పరిస్థితులలో సెకనులో లక్షవ వంతు భేదాన్ని కూడా మానవశ్రవణం గుర్తించగలదు. అనగా ధ్వని చెవిని స్పృశించే తీరాలి, అయినా దిక్కు అన్నది ఏ ఒక్క చెవికీ పూర్తిగా అందే విషయం కాదు. రెండు చెవుల వార్తలను పోల్చి అంతరంగం దానిని నిర్మిస్తుంది. స్పర్శ విషయంలో నైయాయికుని మాట నిలిచింది, స్పర్శమాత్రం చేత దిక్కు తెలియదన్న దిఙ్నాగుని ఆక్షేపణా వ్యర్థం కాలేదు.

రెండు వీణల పరీక్ష

శ్రవణవిచారంలో ప్రయోగానికి ప్రాధాన్యమిచ్చినవారు సంగీతశాస్త్రకారులు. భరతముని నాట్యశాస్త్రంలో రెండు వీణల పరీక్ష చెప్పబడినది. సమానమైన రెండు వీణలను ఒకే విధంగా శ్రుతి చేయాలి. ఒకటి ధ్రువవీణ, దానిని మార్చరాదు. రెండవది చలవీణ. దాని స్వరాలను క్రమంగా ఒక్కొక్క శ్రుతి తగ్గిస్తూ పోతే, ఒక దశలో దాని గాంధారనిషాదాలు ధ్రువవీణలోని రిషభధైవతాలలో లీనమవుతాయి. మరొక మెట్టు దిగితే రిషభధైవతాలు షడ్జపంచమాలలో కలుస్తాయి. రెండు నాదాలు ఒకటైనవని చెప్పేది చెవియే.

శార్ఙ్గదేవుడు ఈ పరీక్షను మరింత విశదం చేశాడు. 22 తంత్రులు గల వీణలో ప్రతి తంత్రీ నాదం ముందుదానికంటె కొంచెం ఉచ్చంగా ఉండాలి. వరుసగా ఉన్న రెండు నాదాల నడుమ మూడవ నాదం వినబడరానంత సన్నిహితంగా వాటిని అమర్చాలని ఆయన నియమం. రెండు నాదాలు భిన్నమని చెవికి తెలిసే కనీసభేదం ఎంత అన్న ప్రశ్న ఈ నియమంలో ప్రత్యక్షంగా ఉన్నది. శ్రవణమనోవిజ్ఞానంలో నేటికీ మొదటి పాఠం ఇదే. శ్రుతి అనే పదానికే 'వినబడునది' అని అర్థం.

అయితే 22 అనే సంఖ్య విషయంలో పూర్వులు ఏకాభిప్రాయంతో లేరు. మతంగముని బృహద్దేశిలో శ్రుతులు 22 అనేవారిని, 66 అనేవారిని, అనంతమనేవారిని కూడా పేర్కొన్నాడు. ఆధునిక పరీక్షలు అనంతవాదులకు కొంత అనుకూలంగా ఉన్నవి. సెకనుకు వెయ్యి కంపనాలు గల నాదంలో రెండు మూడు కంపనాల మార్పును కూడా శిక్షితుడైన శ్రోత పసిగట్టగలడు. ఆ లెక్కన ఒక స్థాయిలో వేరుగా తెలిసే నాదాలు 22 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కావున 22 శ్రుతులు చెవి సామర్థ్యానికి అంతిమసీమ అనరాదు. గానంలో ప్రయోజనం కలిగి, గురుశిష్యులు నిలుపుకొనగల భేదాల వ్యవస్థ అనడం సమంజసం.

సింహభూపాలుని సంగీతసుధాకరం ఈ శాస్త్రాన్ని తెలుగుదేశపు విద్వత్సభలకు చేర్చిన వ్యాఖ్యలలో ఒకటి. రసార్ణవసుధాకరమనే అలంకారగ్రంథాన్ని కూడా రచించిన ఆ ప్రభువు 14వ శతాబ్దివాడు. నాదం చెవిలో ఎట్లా తెలుస్తుంది అనే ప్రశ్న ఒకవైపు, ఆ నాదం సహృదయునిలో రసంగా ఎట్లా పరిణమిస్తుంది అనే ప్రశ్న మరొకవైపు ఆయనను ఆకర్షించినవి. ఈ రెండింటినీ ఒకే విద్వాంసుడు చేపట్టడం మన సంప్రదాయంలో సహజం.

వాద్యనిర్మాతల చేతులలోనూ ఈ జ్ఞానం నిలిచింది. మృదంగపు కుడిముఖం నడుమ నల్లని లేపనం వేస్తారు. మామూలు చర్మవాద్యం నుండి వెలువడే కంపనాలు పరస్పరం పొందిక లేనివి కనుక స్పష్టమైన స్వరం వినబడదు. ఆ లేపనం వల్ల అవి పూర్ణాంక నిష్పత్తులకు చేరువై, చెవికి ఒకే స్వరంగా తోస్తాయని సి.వి. రామన్ 1920లో నిరూపించాడు. భరతుడు మృదంగాలకు మట్టిపూత గురించి చెప్పిన నాటికి సిద్ధాంతం లేదు, సమీకరణాలు లేవు. చెవి ఒప్పుకొనేవరకు పూసి, వాయించి, సరిదిద్దే సాధన ఉన్నది.

మనస్సు లేనిదే శ్రవణం లేదు

చెవిని చేరినదంతా వినబడుతుందా? మనస్సు వేరొకచోట ఉన్నందువల్ల వినలేదని మనుష్యులు చెప్పుకోవడాన్ని బృహదారణ్యకోపనిషత్తు ఉదాహరించి, మనస్సుతోనే మానవుడు వింటాడని నిర్ణయించింది. న్యాయదర్శనం కూడా ఇంద్రియానికి మనస్సుతో సంయోగం లేనిదే జ్ఞానం పుట్టదని చెప్పి, ఒకేసారి అనేక జ్ఞానాలు కలుగకపోవడమే మనస్సు ఉన్నదనడానికి గుర్తు అన్నది. 1953లో కాలిన్ చెర్రీ చేసిన ప్రయోగంలో శ్రోతల రెండు చెవులకు రెండు వేర్వేరు సందేశాలు వినిపించారు. ఒకదానిని అనుసరించి పలుకుతున్నవారు రెండవదానిలోని మాటలను దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. ఆ చెవికి ధ్వని చేరింది, శ్రవణం మాత్రం జరుగలేదు.

భర్తృహరి వాక్యపదీయంలో ఈ విచారణ పరాకాష్ఠకు చేరింది. ధ్వనులు ఒకదాని తరువాత ఒకటిగా పుట్టి నశిస్తాయి. మొదటి వర్ణం వినబడినప్పుడు చివరి వర్ణం లేదు, చివరిది వినబడేనాటికి మొదటిది లేదు. అయినా పదం సమగ్రంగా ఒక్కటిగా స్ఫురిస్తుంది. పూర్వధ్వనులు విడిచిన సంస్కారాలతో పరిపక్వమైన బుద్ధిలో అంత్యధ్వనితో పాటు స్ఫోటం ప్రకాశిస్తుందని ఆయన సిద్ధాంతం. ధ్వని చేసే పని ఇంద్రియాన్ని సంస్కరించడమా, శబ్దాన్ని సంస్కరించడమా, రెండింటినీనా అని మూడు పక్షాలను కూడా ఆయన పేర్కొన్నాడు. ప్రాకృతధ్వని వల్ల పదం గ్రహింపబడుతుంది. వైకృతధ్వని వల్ల ద్రుతమధ్యవిలంబిత భేదాలు తోస్తాయి. త్వరగా పఠించినా నిదానంగా పఠించినా మంత్రం మారలేదని మనం గుర్తించడం ఇందువల్లనే.

విడివిడి అంశాల నుండి అంతరంగం ఒక సమగ్రతను నిర్మిస్తుందనడానికి ఘంటయే సాక్ష్యం. పెద్ద చర్చి ఘంటలను పరిశీలించిన శాస్త్రవేత్తలకు ఒక విచిత్రం కనబడింది. దెబ్బ పడగానే శ్రోత గుర్తించే ప్రధానస్వరానికి సరిపడే కంపనం ఆ లోహంలో ఉండనక్కరలేదు. పై కంపనాల పొందికను అనుసరించి శ్రవణవ్యవస్థ ఆ స్వరాన్ని ఊహిస్తుంది. మూలకంపనం లేకున్నా మూలస్వరం వినబడే ఈ విషయంపై 1840లలో జర్మనీలో జీబెక్, ఓమ్ అనే పండితులు వివాదపడ్డారు. 1863లో హెల్మ్‌హోల్ట్జ్ ఓమ్ పక్షాన్ని బలపరచగా, 1940లో డచ్ శాస్త్రవేత్త షౌటెన్ పరిశోధనలు జీబెక్ పరిశీలనకు మళ్లీ గౌరవం తెచ్చినవి. చిన్న ఫోన్‌లో మంద్రస్వరాలను పలికించే శక్తి లేకున్నా, గాయకుని మంద్రస్వరం మనకు తెలియడానికి కారణమూ ఇదే.

సామ్యం ఎంతవరకు

ఈ పోలికలను చూచి ఆధునికశాస్త్రమంతా పూర్వగ్రంథాలలో ఉన్నదని భావించడం సత్యానికి న్యాయం చేయదు. నైయాయికుడు చెప్పిన ఆకాశం నేటి భౌతికశాస్త్రం చెప్పే వాయుమాధ్యమం కాదు. గాలిని తొలగిస్తే ధ్వని వినబడదని 1660లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన ప్రయోగాలు ఈ విషయంలో శబరస్వామి పక్షానికే చేరువ. స్ఫోటం పేరుతో భర్తృహరి చెప్పినది శబ్దతత్త్వం. ప్రయోగశాలలో కొలవబడేది నాడీవ్యాపారం. కర్ణంలోని నత్తగుల్ల ఆకారపు అవయవంలో తరంగం ప్రయాణించే తీరును నిరూపించి 1961లో నోబెల్ బహుమతి పొందిన గెయోర్గ్ ఫాన్ బేకెషీ చూపిన సూక్ష్మవివరాలు ఏ దర్శనగ్రంథంలోనూ లేవు.

అయినా ప్రశ్నల విభాగంలో మన పూర్వులు పొరపడలేదు. ధ్వని పుట్టుక, ప్రయాణం, శ్రోత్రం, మనస్సంయోగం, అర్థస్ఫురణ అనే ఐదు మెట్లనూ వారు వేరుచేసి, ప్రతి మెట్టు వద్దా వాదించారు. అంతటితో ఆగక ఆరవ ప్రశ్నను అడిగారు. శ్రోత్రం, మనస్సు కూడా ఎవని సన్నిధిలో పనిచేస్తున్నవో ఆ వినేవాడెవడు? కేనోపనిషత్తు ప్రారంభమయ్యేది ఈ ప్రశ్నతోనే. దీనికి సమాధానం పరికరాలలో దొరకదు, ఎందుకంటే పరికరాన్ని చూచేవాడే ఇక్కడ విషయం.

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధిస్తూ దుందుభిని, శంఖాన్ని, వీణను దృష్టాంతంగా తీసుకొన్నాడు. మోగుతున్న దుందుభి నుండి వెలువడిన ధ్వనులను ఒక్కొక్కటిగా బయట పట్టుకోవడం అసాధ్యం, దుందుభిని పట్టుకొంటే ధ్వని పట్టుబడుతుంది. నామరూపాలను ఒక్కొక్కటిగా వెంబడించక వాటికి మూలమైన ఆత్మను తెలుసుకోమని ఉపదేశం. ఆ ఆత్మను తెలుసుకొనే సాధనాలలో మొదటిది శ్రవణమే.

శ్రోత్రరక్షణ సాధకుని ధర్మం

ఇంతటి విలువ గల ఇంద్రియం నేడు ప్రమాదంలో ఉన్నది. ఒక చెవిలో ధ్వనిని నాడికి అందించే ప్రధాన రోమకణాలు సుమారు 3,500 మాత్రమే. మానవునిలో అవి ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్స్‌కు మించిన ధ్వనిలో నిత్యం ఉండడం హానికరమని వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతున్నవి. భారతదేశపు శబ్దకాలుష్య నియమావళి 2000 సంవత్సరంలో వచ్చినది. నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దానిలోని పరిమితి. ఊరేగింపులలోని డీజే పెట్టెల ముందు నిలిచిన బాలుని చెవికి ఈ అంకెలు ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు.

బిగ్గరధ్వని మెల్లని ధ్వనిని కప్పివేస్తుంది. ముఖ్యంగా మంద్రమైన పెద్దశబ్దం దానికంటే ఉచ్చమైన సన్ననినాదాన్ని సులభంగా మరుగుపరుస్తుంది. స్వామి ఊరేగింపు ముందు డీజే మోగుతుంటే, అర్చకుని మంత్రం, పల్లకి పక్కన ఊగే చిన్నఘంట ఎవరికీ వినబడవు. భక్తి పేరిట పెరిగినది నాదం మాత్రమే. నాదం పెరిగితే శబ్దం పెరుగదని మీమాంసకులు ఏనాడో చెప్పియున్నారు.

శ్రవణానికి మూడు అంగాలు కావాలి: చేరదగిన శబ్దం, చెడని శ్రోత్రం, ఎదుట నిలిచిన మనస్సు. మొదటిది గురువు, శాస్త్రం అనుగ్రహిస్తాయి. మిగిలిన రెండింటినీ కాపాడుకోవలసిన బాధ్యత సాధకునిదే. శుభమైనవాటిని చెవులతో వినగలుగునట్లు అనుగ్రహింపుమని దేవతలను ప్రార్థించే శాంతిమంత్రాన్ని నిత్యం పఠించేవారు, ఆ చెవులను నిలుపుకొనడం కూడా ఆ ప్రార్థనలో భాగమని గ్రహించాలి.

దేవాలయంలో ఘంట మోగించిన పిదప ఒక్క క్షణం కన్నులు మూసి, ఆ నాదం సంపూర్ణంగా అణగిపోయేవరకు వినడం ఎవరికైనా సాధ్యమైన అభ్యాసం. నాదం సన్నగిల్లేకొద్దీ మనస్సు దానితోపాటు సూక్ష్మమవుతుంది. నాదం అంతరించిన తరువాత కూడా వినేవాడు మిగిలే ఉంటాడు. ఋషులు విచారణకు నిలిపినది అతనినే.

స్వస్తి.